గుండె చప్పుడు కింద ఆగని రొద: ఎక్కణ్ణించి వస్తోందో ఎవరైనా చెప్పగలరా?

లబ్‌డబ్ | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నానే తప్ప రాయడం ఇదే మొదటిసారి. తప్పు విభాగంలో పెట్టి ఉంటే మోడరేటర్లు మార్చేయండి.

ఒంట్లోంచి వచ్చే శబ్దాలతో పన్నెండు నిమిషాల పీస్ ఒకటి చేద్దామని కూర్చున్నాను. వాయిద్యం లేదు, మాట లేదు, పాట లేదు. గుండె, ఊపిరి, కడుపు, కీళ్లు, గుటక, అంతే. స్టెతస్కోప్ గొట్టం కోసి, అందులో కాలర్ మైక్ దూర్చి, చుట్టూ టేపు చుట్టి రికార్డర్‌కి పెట్టాను.

రెండు బాధలున్నాయి. ఒకటి, గుండె సినిమాల్లో వినిపించినట్టు ‘ధబ్ ధబ్’ అనడం లేదు. పక్క గదిలో ఎవరో పరుపు దులుపుతున్నట్టుంది. రెండోది అసలు టెన్షన్. ఆ చప్పుడు కింద ఆగకుండా ఒక రొద. దూరంగా లారీ ఇంజిన్ ఆపకుండా వదిలేస్తే వస్తుందే, అలాంటిది. ఫ్రిజ్ ఆపాను, ఫ్యాను ఆపాను, ఛార్జర్లన్నీ పీకేశాను, రికార్డర్‌ని బ్యాటరీ మీద నడిపాను. పోలేదు. ఊపిరి బిగబట్టినా పోలేదు.

నలభై సెకన్ల ఫైలు జత చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఫోన్ స్పీకర్లో అయితే ఖాళీ ఫైలు పెట్టానని తిడతారు.

వార్డుడ్యూటీ | సోమవారం, రాత్రి 11:20

విన్నాను. మీ మొదటి బాధ అసలు బాధే కాదు. అచ్చంగా గుండె ఇలాగే ఉంటుంది. నేను రోజూ వినేది ఇదే పరుపు దులపడం.

ఆ చప్పుడు గుండె ‘కొట్టుకోవడం’ వల్ల వచ్చేది కాదు. కవాటాలు మూసుకునేటప్పుడు పారే రక్తం ఒక్కసారి ఆగుతుంది, ఆ అదురు చుట్టూ ఉన్న గోడలకి పాకుతుంది. లబ్ అంటే పై గదులకీ కింది గదులకీ మధ్య ఉన్న మైట్రల్, ట్రైకస్పిడ్ కవాటాలు. డబ్ అంటే రక్తం బయటికి పోయే దారిలో ఉన్న అయోర్టిక్, పల్మనరీ కవాటాలు. ఇదంతా ఎక్కువగా 20 నుంచి 150 హెర్ట్జ్ (సెకనుకి అన్ని అదుర్లు) మధ్య జరిగిపోతుంది. అంత కిందిస్థాయిలో మన చెవి మహా మందం.

ఎక్కడ పెట్టారో చెప్పలేదు మీరు. లబ్ బాగా కావాలంటే ఎడమవైపు అయిదో పక్కటెముకల సందులో పెట్టండి. డబ్ కావాలంటే పైన రెండో సందు దగ్గర, రొమ్ము ఎముక అంచున. గంట ఆకారంలో ఉండే వైపు వాడుతుంటే మెల్లగా ఆనించండి. గట్టిగా నొక్కితే కింద చర్మం డోలు తోలులా బిగిసిపోయి బరువైన శబ్దాల్ని అదే ఆపేస్తుంది. చదువుకునే రోజుల్లో మేమందరం చేసిన తప్పే ఇది.

రొద సంగతి నాకు అర్థం కాలేదు. జబ్బు శబ్దమైతే కాదు, భయపడకండి. మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య వినిపించే అదనపు శబ్దం) అయితే గుండె లయతో పాటు వచ్చి పోతుంది, ఇది ఆగడమే లేదు.

పాతటేపు | సోమవారం, రాత్రి 11:58

సినిమా గుండెల మాట ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బం ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది కదా. అది గుండె కాదు. బేస్ డ్రమ్‌ని మెత్తగా వాయించి చేసింది. లోకం మొత్తానికి ‘గుండె ఇలా ఉంటుంది’ అని నేర్పిన శబ్దాల్లో ఒకటి డ్రమ్మే అన్నమాట. ఆ బ్యాండ్‌లోని రోజర్ వాటర్సే 1970లో రాన్ గీసిన్‌తో కలిసి ఒక డాక్యుమెంటరీకి నిజంగా ఒంటి శబ్దాలు వాడి సంగీతం చేశాడు. అది విన్నవాళ్లు తక్కువ.

అంతకంటే వెనక్కి వెళ్తే 1950లో పారిస్‌లో పియెర్ షఫెర్, పియెర్ ఆన్రీ కలిసి చేసిన ‘ఒంటరి మనిషి కోసం సింఫనీ’ ఉంది. ఊపిరి, అరుపు, ఈల, అడుగుల చప్పుడు... మనిషి ఒంటినే ఆర్కెస్ట్రా చేద్దామన్న ఆలోచన. అప్పటికి వాళ్ల చేతుల్లో ఉన్నవి టర్న్‌టేబుళ్లు, రికార్డు పళ్లాలు. మనకి అన్నీ ఉండి రొద గురించి ఏడుస్తున్నాం.

కాంటాక్ట్‌మైక్ | మంగళవారం, ఉదయం 7:05

చరిత్ర తర్వాత. ముందు ఇవి చూసుకోండి.

రికార్డర్లో లో-కట్ (కింది శబ్దాల్ని కోసేసే ఫిల్టర్) ఆన్‌లో ఉంటే ఆపేయండి. చాలావాటిలో 80 హెర్ట్జ్ దగ్గర కోసేస్తుంది, అంటే మీ గుండెలో సగం చెత్తబుట్టలోకి. ఆటో గెయిన్ ఉంటే అదీ ఆపండి. లబ్‌కీ డబ్‌కీ మధ్య నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా అది వాల్యూమ్ పైకి లాగుతుంది, లేని రొద కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆ రెండూ చేశాక కూడా ఉంటే కరెంటు హమ్ అని నా అనుమానం. బ్యాటరీ మీద నడిపినా చుట్టుపక్కల వైర్ల నుంచి మైక్ కేబుల్ దాన్ని పట్టేస్తుంది. తేల్చుకోవడం తేలిక. స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) తీయండి. కరెంటు అయితే 50 దగ్గరో 60 దగ్గరో, మీ దగ్గర ఏది ఉంటే అక్కడ, గీత గీసినట్టు సన్నగా కనిపిస్తుంది, దానిపైన రెట్టింపుల దగ్గర ఇంకొన్ని గీతలు. పొగలా పరుచుకుని ఉంటే కరెంటు కాదు.

పియెజో డిస్కులు (అదురుని నేరుగా పట్టే పలచటి బిళ్లలు) చర్మానికి అంటించి ప్రయత్నిద్దామనుకునేవాళ్లకి కూడా ఒక మాట. వాటిని మామూలు మైక్ ఇన్‌పుట్‌లో పెట్టకండి. కనీసం ఒక మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి, లేకపోతే కింది శబ్దాలన్నీ మాయమై గీరుడు మాత్రం మిగులుతుంది. పేరే కాంటాక్ట్‌మైక్ అని పెట్టుకుని నేను ఈ విషయం తెలుసుకోవడానికి ఏడాది పట్టింది.

చెవిలోజోరీగ | మంగళవారం, ఉదయం 9:31

నాకెందుకో ఇది రక్తం పారే శబ్దమే అనిపిస్తోంది. సంగీతకర్త జాన్ కేజ్ కథ అందరికీ తెలిసిందే కదా. 1951లో హార్వర్డ్‌లో ప్రతిధ్వని లేని గదిలోకి వెళ్లాడు. ఏమీ వినపడదనుకుంటే రెండు శబ్దాలు వినిపించాయి, ఒకటి సన్నగా, ఒకటి బరువుగా. బయటికొచ్చి అడిగితే అక్కడి ఇంజనీరు చెప్పాడట: సన్నది మీ నరాల వ్యవస్థ, బరువుది మీ రక్తప్రసరణ అని. మరుసటి ఏడాదే ఏమీ వాయించని ఆ ప్రసిద్ధ రచన ‘4′33″’ వచ్చింది. లబ్‌డబ్ గారికి దొరికింది ఆ రెండోదే ఎందుకు కాకూడదు?

అడ్డప్రశ్న | మంగళవారం, ఉదయం 10:15

ఆ కథ వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. నరాల్లో పోయేవి విద్యుత్ సంకేతాలు, వాటికి చప్పుడేంటి? కేజ్ విన్న సన్న శబ్దం అతని చెవిలోదే అయ్యుంటుంది, మనలో చాలామందికి పూర్తి నిశ్శబ్దంలో వినిపించే గింగురుమనే మోత. పైగా కేజ్ విన్నది తన తలకాయ లోపల. మనవాడి మైకు ఉన్నది ఛాతీ మీద. రక్తమే అయితే గుండెతో పాటు పొంగి తగ్గాలి కదా, వార్డుడ్యూటీ గారు చెప్పినట్టు.

ఎలాగూ వచ్చాను కాబట్టి అసలు మాట అడుగుతాను. ‘ఇది నా గుండె’ అని పక్కన కార్డు రాసి పెడితే తప్ప గుండె అని తెలియదు. తెలిసేలా చేయాలంటే డ్రమ్ము వాడాలని పాతటేపు గారే చెప్పారు. అంటే వినేవాడు కార్డు వింటున్నాడు, శబ్దం కాదు. మరి ఇందులో కళ ఎక్కడుంది? ముక్కు చీదిన శబ్దానికి రివర్బ్ పెట్టి ‘అంతరంగం’ అని పేరు పెట్టినవి కూడా విన్నాను నేను.

చెవిలోజోరీగ | మంగళవారం, మధ్యాహ్నం 1:40

ముక్కు చీదడం మీద పగ ఎందుకండీ :)

కార్డు అక్కర్లేని పని ఒకటి చెప్తాను. చెవి వినడమే కాదు, శబ్దం చేస్తుంది కూడా. 1978లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త చెవిలో చిన్న మైకు పెట్టి దీన్ని పట్టుకున్నాడు. లోపలి చెవిలో ఉండే వెంట్రుక కణాలు ఊగుతూ శబ్దాన్ని పెంచుతాయి, ఆ క్రమంలో కొంత బయటికి తిరిగొస్తుంది. పసిపిల్లలకి వినికిడి ఉందో లేదో చూసే పరీక్షల్లో ఒకటి దీనిమీదే ఆధారపడింది.

ఇప్పుడు రెండు స్వరాలు ఒకేసారి వినిపించారనుకోండి, 1000 హెర్ట్జ్ ఒకటి, 1200 ఒకటి. ఆరోగ్యంగా ఉన్న చెవి లోపల మూడోది పుడుతుంది, 800 దగ్గర. మొదటిదాన్ని రెట్టింపు చేసి రెండోది తీసేస్తే వచ్చేది. స్పీకర్లోంచి అది రావడం లేదు. డెన్మార్క్‌కి చెందిన యాకబ్ కిర్కెగార్డ్ 2007లో తన చెవుల్లోంచి వచ్చిన ఇలాంటి స్వరాల్ని రికార్డు చేసి ‘లాబిరింథైటిస్’ కట్టాడు. వాటిని జంటలుగా వినిపిస్తే వినేవాళ్ల చెవుల్లో ఇంకో స్వరం పుడుతుంది. అతను దాన్ని తర్వాతి మెట్టులో బయటినుంచి వినిపిస్తాడు, దానికి మళ్లీ జంట కలుపుతాడు. అలా మెట్లు దిగుతూ పోతుంది.

నేను విన్నప్పుడు తల తిప్పితే స్వరం నాతో పాటు తిరిగింది. నుదుటి వెనకాల ఎవరో విజిల్ వేస్తున్నట్టు. దానికి ఏ కార్డూ చదవక్కర్లేకపోయింది.

వార్డుడ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 2:12

దీనికి దగ్గరగా ఒక విచిత్రం. లోపలి చెవి మీద ఎముక పలచబడి కన్నం పడితే కొందరికి తమ కనుగుడ్లు కదిలే శబ్దం వినిపిస్తుంది. 1998లో దీన్ని ఒక జబ్బుగా గుర్తించి వివరించారు. అంతకుముందు అలా చెప్పినవాళ్లని ఎవరు నమ్మి ఉంటారో ఊహించుకోండి.

లబ్‌డబ్ | మంగళవారం, రాత్రి 9:50

అందరికీ థాంక్స్. చెప్పినవన్నీ చేశాను.

లో-కట్ ఆన్‌లోనే ఉంది (సిగ్గుపడుతున్నాను). ఆపేశాక గుండె ఒళ్లు చేసింది. ఆటో గెయిన్ ముందే ఆపి ఉంది. కానీ రొద కూడా పెరిగింది. స్పెక్ట్రోగ్రామ్‌లో సన్న గీతలేమీ లేవు. పదిహేను దగ్గర మొదలై నలభై దాకా పొగే. అంటే కరెంటు కాదు.

ఇంకో వింత. మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి వాడి ఛాతీ మీద పెట్టి చూశాను. వాడి గుండె వేరే, నాకంటే నెమ్మది. రొద మాత్రం అచ్చం అదే! ఇద్దరికీ ఒకేలా రక్తం పారుతుందా?

పాతటేపు | మంగళవారం, రాత్రి 10:08

నేల అదురు అయ్యుండొచ్చు. కింద మోటారు ఏదైనా ఉందా? కుర్చీలోంచి లేచి నిలబడి చూడండి. పరుపు మీద పడుకుని కూడా.

నాదబిందు | మంగళవారం, రాత్రి 10:44

హఠయోగ ప్రదీపిక నాలుగో అధ్యాయంలో చెవులు మూసుకుని ఒంట్లోని నాదాన్ని వినే సాధన ఉంది. ఏం వినిపిస్తాయో వరసగా చెప్తారు. మొదట సముద్రం, మేఘం, భేరి. మధ్యలో మద్దెల, శంఖం, గంట. చివరికి చిరుగంటలు, వేణువు, వీణ, తుమ్మెద. మీ లారీ ఇంజిన్ మొదటి మెట్టు అనుకోండి.

అడ్డప్రశ్న | మంగళవారం, రాత్రి 11:02

తుమ్మెద దాకా వెళ్లేలోపు రికార్డర్ బ్యాటరీ అయిపోతుంది. అయినా ఆ వరస గమనించదగ్గదే, బరువు శబ్దాల నుంచి సన్న శబ్దాలకి పోతోంది. చెవులు మూసుకుని వినమన్నారు చూడండి, అది మాత్రం అనుభవం మీద రాసిన మాటే.

నొక్కిచూడు | బుధవారం, ఉదయం 6:18

నిన్న రాత్రంతా ఈ చర్చ చదివాను. లబ్‌డబ్ గారూ, తమ్ముడి ఛాతీ మీద స్టెతస్కోప్ పట్టుకున్నది ఎవరు? మీరే కదా?

ఆ రొద మీ బొటనవేలు.

కండరం బిగించి ఉంచితే అది నిశ్శబ్దంగా ఉండదు. లోపలి పోగులు విడివిడిగా, వేర్వేరు సమయాల్లో బిగుస్తూ వదులుతూ ఉంటాయి, బయటికి కదలకుండా ఉన్నట్టు కనిపించినా లోపల అదురుతూనే ఉంటుంది. గ్రిమాల్డి అనే ఇటలీ పండితుడి పుస్తకంలో 1665లోనే ఈ మాట ఉంది. 1810లో ఇంగ్లండ్‌లో వొలాస్టన్ అనే శాస్త్రవేత్త దీన్ని ఇంకా జాగ్రత్తగా విని, రాళ్లు పరిచిన వీధిలో దూరంగా బండి చక్రాలు దొర్లుతున్నట్టుందని పోల్చాడు. మీరు లారీ ఇంజిన్ అన్నారు. రెండొందల ఏళ్లలో బండి మారింది, శబ్దం మారలేదు.

పరీక్ష. రెండు బొటనవేళ్లు చెవుల్లో పెట్టుకుని మిగతా వేళ్లు మెల్లగా పిడికిలి బిగించండి. రొద పెరుగుతుంది. వదలండి, తగ్గుతుంది. మోచేతులు గాల్లో ఉండాలి. ఇది పనిచేస్తే రెండో పరీక్ష: స్టెతస్కోప్‌ని మనిషి మీద కాదు, టేబుల్ మీద పెట్టి వేలితో నొక్కి రికార్డు చేయండి. తర్వాత వేలు తీసేసి దానిమీద బరువైన పుస్తకం పెట్టి మళ్లీ చేయండి.

లబ్‌డబ్ | బుధవారం, ఉదయం 6:55

!!!

టేబుల్ మీద వేలితో నొక్కితే రొద ఉంది. పుస్తకం పెడితే లేదు.

టేబుల్‌కి గుండె లేదు కాబట్టి ఇక వాదన లేదు. మూడు రోజులుగా నా బొటనవేలిని పట్టుకుని ఫ్యాను మీదా ఫ్రిజ్ మీదా నేరం మోపాను.

వార్డుడ్యూటీ | బుధవారం, ఉదయం 8:20

ఇన్నేళ్లుగా స్టెతస్కోప్ పట్టుకుంటున్నాను. ఈ రొద నేనూ రోజూ వింటూనే ఉండాలి కదా? ఇప్పుడే వెళ్లి విన్నాను. ఉంది! వినడం మానేశానన్నమాట ఎప్పుడో. మైకు మానలేదు.

పాతటేపు | బుధవారం, ఉదయం 10:30

చెవుల్లో వేళ్లు పెట్టుకుని పిడికిళ్లు బిగించి ఆఫీసులో కూర్చున్నాను. పక్క సీటాయన ‘అంతా బాగానే ఉందా’ అని అడిగాడు. పళ్లు బిగించినా వస్తోంది, ఇంకా గట్టిగా.

కాంటాక్ట్‌మైక్ | బుధవారం, మధ్యాహ్నం 12:10

నా కరెంటు సిద్ధాంతం వాపసు తీసుకుంటున్నాను.

కండరాల రొదనే వాయిద్యంగా వాడినవాళ్లు ఉన్నారు. మార్కో డొన్నరుమ్మ అని, ‘ఎక్స్‌త్ సెన్స్’ అనే పరికరం చేశాడు. చేతికి కట్టుకున్న మైకులు కండరం అదురుని పట్టుకుంటాయి, కంప్యూటర్ దాన్ని అక్కడికక్కడే మలుస్తుంది. వేదిక మీద మనిషి చేతులు బిగిస్తూ వదులుతూ ఉంటాడు, హాలంతా ఉరుముతుంది. ‘మ్యూజిక్ ఫర్ ఫ్లెష్ II’ వెతికి చూడండి. బయటికి కనపడే కదలిక కొంచెమే, శ్రమ మాత్రం వినిపిస్తుంది.

వాల్యూమ్‌పెంచు | బుధవారం, సాయంత్రం 5:45

మధ్యలో దూరుతున్నాను. మా పాప కడుపులో ఉన్నప్పుడు స్కానింగులో వినిపించిన గుండె చప్పుడు ఫోన్‌లో దాచుకున్నాను. గుర్రం పరిగెడుతున్నట్టు భలే ఉంటుంది. లబ్‌డబ్ గారి పరుపు కంటే వందరెట్లు స్పష్టంగా ఉంది. ఇలాంటి పీస్‌కి అదే సరైనది కాదా?

వార్డుడ్యూటీ | బుధవారం, సాయంత్రం 6:30

మురిపెం పాడు చేయాలని కాదు గానీ, అది మైకుతో పట్టిన శబ్దం కాదు. డాప్లర్ మెషిన్ కడుపులోకి చెవికి అందని అల్ట్రాసౌండ్ పంపుతుంది. కదిలే గుండె గోడలకీ పారే రక్తానికీ తగిలి తిరిగొచ్చేటప్పుడు దాని ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది. పంపినదానికీ తిరిగొచ్చినదానికీ ఉన్న తేడా మన అదృష్టం కొద్దీ వినికిడి పరిధిలో పడుతుంది. ఆ తేడానే స్పీకర్‌కి ఇస్తారు. అంటే మీరు విన్నది కదలిక వేగాన్ని. వేగం మాత్రం పాపదే, నిమిషానికి 110 నుంచి 160 సార్లు. గుర్రం మెషిన్‌ది.

వాల్యూమ్‌పెంచు | బుధవారం, సాయంత్రం 6:41

అయ్యో. పర్వాలేదు, నాకు గుర్రమే ఇష్టం.

అడ్డప్రశ్న | బుధవారం, రాత్రి 8:25

చూశారా, నా మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చాం. పింక్ ఫ్లాయిడ్ గుండె డ్రమ్ము. స్కానింగ్ గుండె లెక్క కట్టిన తేడా. ‘అసలు’ గుండె అని లబ్‌డబ్ గారు రికార్డు చేసినదాంట్లో సగం బొటనవేలు. ఒంటి శబ్దం అని గొప్పగా చెప్పుకునేది ఎక్కడుంది?

పాతటేపు | బుధవారం, రాత్రి 9:15

అసలుది కావాలని ఎవరన్నారు? ఆల్విన్ లూసియే అనే సంగీతకర్త 1965లో మెదడు అలలతో కచేరీ చేశాడు. ఆల్ఫా అలలు, సెకనుకి 8 నుంచి 13. అవి విద్యుత్తు, శబ్దమే కాదు. శబ్దం చేసినా అంత కింద మన చెవికి స్వరంగా అందదు. ఏం చేశాడు? తలకి ఎలక్ట్రోడ్లు పెట్టుకుని కళ్లు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు. వచ్చిన సంకేతాన్ని బాగా పెంచి స్పీకర్లకి ఇచ్చాడు. స్పీకర్ల దగ్గర డ్రమ్ములు, తాళాలు, గాంగులు. కాగితపు కోన్ అదిరితే అవి వాటంతటవి మోగాయి. మనసు నెమ్మదిస్తేనే ఆల్ఫా వస్తుంది, టెన్షన్ పడితే పోతుంది. వందమంది ముందు కూర్చుని టెన్షన్ పడకుండా ఉండడమే వాయించడం!

మెదడు శబ్దం ఇదీ అని అతను అనలేదు. దానికి కొన్ని కర్రలు అందించాడు, అంతే.

అడ్డప్రశ్న | బుధవారం, రాత్రి 9:40

ఇది నచ్చింది. ఇందులో ఎవరూ నన్ను మోసం చేయడం లేదు. నా గొడవ డ్రమ్ము వాయించి గుండె అని రాసేవాళ్లతోనే.

పక్కగది | గురువారం, తెల్లవారుజాము 2:37

అందరూ సరదాగా మాట్లాడుకుంటున్న చోట ఇది రాయొచ్చో లేదో తెలియదు.

మా నాన్నగారు పోయే ముందు వారం రాత్రిపూట ఊపిరి మారుతోందని డాక్టరుకి వినిపించడం కోసం ఫోన్‌లో రికార్డు చేశాను. పదకొండు నిమిషాలు. లోతుగా పెరుగుతూ వచ్చి, తగ్గి, ఆగిపోయి, మళ్లీ మొదలవుతుంది. ఆయన నిద్రలో ఉన్నారు, రికార్డు చేస్తున్నట్టు తెలియదు. నేను కూడా శబ్దాలతోనే పనిచేస్తాను. రెండేళ్లయింది. దాన్ని ముట్టుకోనూ లేదు, చెరపనూ లేదు. మీలో ఎవరైనా ఇలాంటిది వాడారా?

వార్డుడ్యూటీ | గురువారం, ఉదయం 7:10

మీరు చెప్పిన ఆ ఊపిరి నేను చాలాసార్లు విన్నాను. అలా ఆగినప్పుడు మంచం పక్కన కూర్చున్న ప్రతివాళ్లూ తెలియకుండానే తమ ఊపిరి బిగబడతారు.

వృత్తిపరంగా అడిగితే నా జవాబు సూటిగా ఉంటుంది: అడగడానికి మనిషి లేనప్పుడు, దేనికోసం రికార్డు చేశామో దానికే వాడాలి. కానీ మీరు ఆయన బిడ్డ, నేను డ్యూటీలో ఉన్నదాన్ని. నా నియమం మీకు వర్తిస్తుందో లేదో నేను చెప్పలేను.

పాతటేపు | గురువారం, ఉదయం 9:02

వాడమనీ అనను, వద్దనీ అనను. ఎప్పుడైనా వాడితే లూప్ మాత్రం చేయకండి. మిల్ఫర్డ్ గ్రేవ్స్ అనే డ్రమ్మర్ దశాబ్దాలపాటు గుండె శబ్దాలు రికార్డు చేసి అధ్యయనం చేశాడు. గుండె మెట్రోనోమ్ (ఒకే వేగంతో తాళం కొట్టే యంత్రం) కాదనేది ఆయన పట్టుదల. పీల్చినప్పుడు కొంచెం వేగం, వదిలినప్పుడు నెమ్మది, ఏ రెండు దెబ్బల మధ్యా దూరం ఒకటి కాదు. ఒక్క దెబ్బ కోసుకుని తిప్పితే మిగిలేది డ్రమ్ మెషిన్. ఊపిరికి ఇది ఇంకా వర్తిస్తుంది. లబ్‌డబ్ గారూ, మీకూ ఇదే చెప్తున్నాను.

కాంటాక్ట్‌మైక్ | గురువారం, ఉదయం 11:26

క్రిస్టియన్ బోల్టాన్స్కీ అనే ఫ్రెంచ్ కళాకారుడు 2008 నుంచి జనం గుండె చప్పుళ్లు సేకరించాడు. జపాన్‌లో తెషిమా అనే దీవి మీద 2010 నుంచి వాటికి ఒక ఇల్లు ఉంది. చీకటి గదిలో ఒక్క బల్బు, వినిపించే గుండెతో పాటు వెలిగి ఆరుతూ ఉంటుంది. వెళ్లినవాళ్లు తమది రికార్డు చేసి ఇచ్చి రావచ్చు, పోయినవాళ్లది వెతికి వినొచ్చు. బోల్టాన్స్కీ 2021లో పోయాడు. అక్కడ ఉన్నవన్నీ అడిగి తీసుకున్నవే, ఇచ్చినవాళ్లకి తెలిసి ఇచ్చినవే. మీ ఫైలుకీ వాటికీ తేడా అదొక్కటే అనిపిస్తుంది నాకు, కానీ అది చిన్న తేడా కాదు.

అడ్డప్రశ్న | గురువారం, మధ్యాహ్నం 12:50

పక్కగది గారూ, ఆ పదకొండు నిమిషాల్లో మీరు కూడా ఉండి ఉంటారు కదా. ఫోన్ పట్టుకున్న చెయ్యి, మీ ఊపిరి, బట్టల అలికిడి. మొదటిసారి వినేటప్పుడు నాన్నగారిని కాకుండా మిమ్మల్ని మీరు వినడానికి ప్రయత్నించండి. అది మీదే కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పక్కగది | గురువారం, మధ్యాహ్నం 1:15

ఒక చోట నేను మెల్లగా దగ్గాను. ఆయన లేస్తారేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. అది ఉంటుందని ఇప్పుడే గుర్తొచ్చింది.

థాంక్స్ అందరికీ. ఇంకా వినలేదు.

లబ్‌డబ్ | ఆదివారం, రాత్రి 8:30

అప్‌డేట్. స్టెతస్కోప్‌ని ఎలాస్టిక్ పట్టీతో ఛాతీకి కట్టేశాను, చేత్తో పట్టుకోవడం లేదు. రొద మాయం. గుండె శుభ్రంగా వచ్చింది, పన్నెండు నిమిషాలు తెగకుండా.

విన్నాను. బాగానే ఉంది, కానీ ఏదో వైద్య పాఠం విన్నట్టుంది. చెయ్యి ఉన్న పాత టేకులో ఎవరో ఎవరినో వింటున్నారని తెలుస్తుంది, ఇందులో ఎవరూ లేరు. అందుకే వెనక్కి వెళ్లాను. ఇప్పుడు పీస్ మొదటి నాలుగు నిమిషాలు టేబుల్ మీద నొక్కిన వేలు మాత్రమే. గుండె లేదు. చెయ్యి అలిసేకొద్దీ రొద వణుకుతుంది, ఉబ్బుతుంది, మూడో నిమిషంలో నిలకడ పూర్తిగా పోతుంది. నాలుగో నిమిషంలో టేబుల్ మీంచి తీసి తమ్ముడి ఛాతీ మీద పెట్టాను. అక్కడ గుండె వస్తుంది. కోత లేదు, ఒకటే టేక్. కడుపు గుర్రుమనడం దానంతటదే వచ్చింది, వాడిది. మెటికలు తీసేశాను, అవి మరీ ఎఫెక్టుల్లా ఉన్నాయి.

మిగిలిన తలనొప్పి ఒకటే. పదిహేను నుంచి నలభై హెర్ట్జ్ ఏ స్పీకర్లో వినిపిస్తుంది? పెద్ద సబ్‌వూఫర్ పెడితే గది కిటికీలు వాయిస్తున్నాయి, నా వేలు కాదు.

పాతటేపు | ఆదివారం, రాత్రి 9:04

స్పీకర్ ఎందుకు? లారీ ఆండర్సన్ అనే కళాకారిణి 1978లో ‘హ్యాండ్‌ఫోన్ టేబుల్’ అని ఒకటి చేసింది. చూడ్డానికి ఉత్త చెక్క టేబుల్. కూర్చుని దానిమీద మోచేతులు ఆనించి, అరచేతులతో చెవులు మూసుకుంటే, టేబుల్ లోపలి సంగీతం ఎముకల గుండా తలలోకి వస్తుంది. గదిలో ఇంకెవరికీ వినపడదు. మీ పీస్ పుట్టిందే టేబుల్ మీద, వినిపించడమూ అక్కడే పెట్టండి. కింద ఒక ట్రాన్స్‌డ్యూసర్ (కోన్ లేకుండా చెక్కనే అదిరించే స్పీకర్ లాంటిది) బిగిస్తే చాలు.

నొక్కిచూడు | ఆదివారం, రాత్రి 9:32

చాలా బాగుంది, కానీ ఒక చిక్కు. అలా చేతులతో చెవులు మూసుకోగానే వినేవాళ్ల చేతి కండరాల రొద వాళ్లకే వినిపిస్తుంది. మీ బొటనవేలూ వాళ్ల చేతులూ ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసిపోతాయి. ఏది ఎవరిదో తేల్చుకోలేరు.

లబ్‌డబ్ | ఆదివారం, రాత్రి 9:36

చిక్కా అది!? అయితే మొదటి నిమిషం నాది చాలా తగ్గించి పెడతాను.

చెక్క ఎంత మందం ఉండాలి?

కాంటాక్ట్‌మైక్ | ఆదివారం, రాత్రి 9:58

మరీ మందం వద్దు, అదరదు. పలచటి ప్లైవుడ్ అయితే అదే గట్టిగా మోగి చెవులు మూసుకోకముందే వినపడిపోతుంది. మధ్యస్థంగా ఉన్న గట్టి చెక్క తీసుకుని, ట్రాన్స్‌డ్యూసర్‌ని మధ్యలో కాకుండా మోచేతులు ఆనే చోటు కిందే మరలతో బిగించండి. జిగురు వాడొద్దు, ఊడుతుంది. కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేయండి, లేకపోతే సగం నేలలోకి పోతుంది.